విదేశాల నుంచి తెప్పించే సరుకుపై సుంకం లెక్క

ఈ మధ్య సంఘాల తనిఖీకి వెళ్ళినచోటల్లా, పాల ధర గురించి అడగవలసినవన్నీ అడిగాక, కార్యదర్శులు సొరుగులోంచి ఒక కాగితం తీసి చూపిస్తున్నారు. సెల్‌ఫోనులో చూసి విదేశం నుంచి తెప్పించిన వస్తువు తాలూకు బిల్లు అది. ఒకచోట అది మిల్క్ అనలైజరుకు వేసే సెన్సారు. ఇంకొకచోట పాలు పితికే యంత్రానికి రబ్బరు లైనర్లు. మరొక ఊళ్ళో అమెరికాలో ఉన్న కొడుకు తండ్రికి పంపిన రక్తపోటు మిషను. వస్తువులు వేరైనా ప్రశ్న మాత్రం ఒకటే. "అక్కడ చూపిన ధర ఇంత, ఇక్కడ మాచేత కట్టించుకున్నది ఇంత. మధ్యలో ఈ తేడా ఎవరు తిన్నారండీ?"

చాలా సందర్భాలలో ఎవరూ తినలేదు. ఆ తేడాలో పెద్ద భాగం ప్రభుత్వానికి చేరిన సుంకం, పన్ను. కొంత కొరియరువారి కూలి. కాని కొన్ని సందర్భాలలో నిజంగానే ఎవరో తిన్నారు. ఏది సుంకమో, ఏది కూలియో, ఏది మోసమో సభ్యులు తామే విడదీసి చూసుకోగలగాలనే ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. సుంకం అనేది ఆర్డరు పెట్టకముందే లెక్క కట్టుకోగలిగిన వస్తువు. దానికి ఎప్పుడూ ఒక కాగితం ఉంటుంది. ఈ రెండు సంగతులు పట్టుకుంటే మిగిలినదంతా సులువు.

సుంకం మనకు కొత్త మాట కాదు. చీరాల దగ్గరి మోటుపల్లి ఒకప్పుడు పెద్ద రేవు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో అక్కడ ఒక అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును బలవంతంగా లాక్కునేవారనీ, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ అందులో వర్తకులకు మాట ఇచ్చాడు. ఏ సరుకుకు ఎంతో రాతి మీద చెక్కించాడు. వర్తకుడికి కావలసినది అదే. సుంకం ఉన్నా ఓర్చుకుంటాడు, ఎంతో ముందుగా తెలియకపోతే మాత్రం ఓడ తిప్పుకుని పోతాడు. నేడు ఆ రాతి స్థానంలో 1962 నాటి కస్టమ్స్ చట్టం, 1975 నాటి సుంకాల పట్టిక చట్టం ఉన్నాయి. అవి అందరికీ అందుబాటులో ఉన్నవే. చదివేవారే తక్కువ.

లెక్క ఎలా కడతారు?

మన పాలకు ధర కట్టేటప్పుడు లీటర్లను ఒక రేటుతో గుణించి ఊరుకోము. వెన్న శాతం చూస్తాము, ఎస్.ఎన్.ఎఫ్. చూస్తాము, వాటి మీద పట్టిక చూస్తాము. సుంకం కూడా అటువంటిదే. వస్తువు ధర చూసి దాని మీద ఒక్క శాతం వేస్తే రాదు. మెట్లు మెట్లుగా ఎక్కాలి.

మొదటి మెట్టు విలువ. అమ్మినవాడి ధర ఒక్కటే విలువ కాదు. ధరకు రవాణా ఖర్చు, బీమా ఖర్చు కలిపితే వచ్చేదే సుంకం వేయడానికి ఆధారమైన విలువ. సరుకు మన దేశపు గడప దాకా వచ్చేసరికి ఎంత పడిందో అంత అన్నమాట. బీమా ఎంతో తెలియకపోతే ధరలో 1.125 శాతంగా తీసుకుంటారు. రవాణా ఎంతో తెలియకపోతే ధరలో 20 శాతంగా తీసుకుంటారు. విమానంలో వచ్చిన సరుకుకు నిజంగా అంతకన్న ఎక్కువ అయినా సుంకం కోసం 20 శాతానికి మించి లెక్కలోకి తీసుకోరు. కొనేవాడికి అనుకూలమైన ఈ చిన్న నిబంధన సంగతి చాలామందికి తెలియదు.

రెండో మెట్టు మూల కస్టమ్స్ సుంకం. ప్రతి వస్తువుకూ ఎనిమిది అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. అందులో మొదటి ఆరు అంకెలు ప్రపంచంలో చాలా దేశాలకు ఉమ్మడి, చివరి రెండు మన దేశం చేర్చుకున్నవి. ఆ సంఖ్యకు ఎదురుగా పట్టికలో ఉన్న శాతమే మూల సుంకం. మూడో మెట్టు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి. 2018లో పాత విద్యా సెస్సుల స్థానంలో వచ్చింది. ఇది విలువ మీద కాక మూల సుంకం మీద 10 శాతం. కొన్ని వస్తువులకు ఇది ఉండదు. మరికొన్నింటికి 2021లో వచ్చిన వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు ఉంటుంది. నాలుగో మెట్టు ఐ.జి.ఎస్.టి. ఇది 2017 జూలై 1 నుంచి ఉన్నది. విలువ, మూల సుంకం, సర్‌ఛార్జి అన్నీ కలిపిన మొత్తం మీద దీన్ని వేస్తారు. పన్ను మీద పన్ను అని మనవాళ్ళు గొణిగేది దీన్ని గురించే. ఆ గొణుగుడులో అబద్ధమేమీ లేదు.

అంకెలలో చూద్దాం. ఒక సంఘం బల్గేరియా నుంచి మిల్క్ అనలైజరు సెన్సారు తెప్పించిందనుకోండి. పాలలో శబ్ద తరంగాలు పంపి వెన్న శాతం చెప్పే అనలైజర్లు చాలావరకు ఆ దేశపు తయారీలే కనుక ఈ ఉదాహరణ తీసుకుంటున్నాను. మన రూపాయల్లో ధర 20,000. విమాన రవాణా 3,000. బీమా తెలియదు గనుక 225. సుంకానికి ఆధారమైన విలువ 23,225 రూపాయలు. మూల సుంకం 7.5 శాతం, ఐ.జి.ఎస్.టి. 18 శాతం అనుకుందాం. ఇవి లెక్క అర్థం కావడానికి తీసుకున్న రేట్లు, మీ వస్తువుకు మీ రేటు చూసుకోవాలి. మూల సుంకం 1,742. దాని మీద సర్‌ఛార్జి 174. ఇప్పటికి మొత్తం 25,141. దీని మీద ఐ.జి.ఎస్.టి. 4,525. అన్నీ కలిపి ప్రభుత్వానికి చెల్లవలసినది 6,441 రూపాయలు.

ఒక కార్యదర్శి గారు ఇదే లెక్కను ఇంకో విధంగా వేసుకున్నారు. ఏడున్నర, పద్దెనిమిది కలిపితే ఇరవై అయిదున్నర శాతం, ఇరవై వేల మీద 5,100 అని పాలకవర్గానికి చెప్పారు. తేడా 1,341 వచ్చేసరికి సమావేశంలో ఆయన వైపు వేళ్ళు చూపించారు. మనిషి నిజాయితీపరుడే. మెట్లు ఎక్కకుండా దూకడం వల్ల వచ్చిన చిక్కు అది.

6,441తో కథ ముగియదు. విదేశీ మారకంలో చెల్లించినందుకు బ్యాంకు తన రుసుము పట్టుకుంటుంది. కొరియరువారు మన తరఫున కస్టమ్స్‌లో కాగితాలు దాఖలు చేసి, ముందుగా సుంకం కట్టి, అందుకు తమ కూలి వేసుకుంటారు. ఆ కూలి మీద జి.ఎస్.టి. ఉంటుంది. ధర, రవాణా, సుంకం కలిపితేనే 29,441. ఈ చిల్లర ఖర్చులతో ముప్పై వేలు దాటుతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న ఏజెంటు అదే సెన్సారును ముప్పై ఒక్క వేలకు పన్నుతో కలిపి, బిగించి, ఏడాది హామీతో ఇస్తానంటే ఏది లాభమో ఆలోచించండి. ఫోనులో ఇరవై వేలు కనిపించగానే "ఏజెంటు దోచేస్తున్నాడు" అని తీర్మానించుకోవడం తొందరపాటు.

రేట్ల విషయంలో ఇంకొక మాట. ఆర్డరు పెట్టిన నాటి రేటు వర్తించదు. సరుకు వచ్చి, దిగుమతి పత్రం దాఖలైన నాటికి అమలులో ఉన్న రేటు వర్తిస్తుంది. ఆ పత్రాన్ని బిల్ ఆఫ్ ఎంట్రీ అంటారు. రూపాయి మారకపు విలువ కూడా పత్రికలో చూసినది కాదు, కస్టమ్స్ కోసం ప్రత్యేకంగా ప్రకటించినది. అందువల్ల జనవరిలో ఆర్డరు పెట్టి ఫిబ్రవరి బడ్జెట్ తరువాత సరుకు అందుకున్నవారికి లెక్క మారవచ్చు. పెరగవచ్చు, తగ్గనూవచ్చు. సొంత వాడకానికి తెప్పించుకునే వస్తువులకు పట్టికలో ప్రత్యేకమైన శీర్షిక ఒకటుంది. ఆ శీర్షిక కింద సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించే ప్రతిపాదన 2026 బడ్జెట్ ప్రసంగంలో వచ్చింది. కాబట్టి ఎవరో రెండేళ్ళ క్రితం కట్టిన రశీదు చూసి లెక్క వేసుకోకండి.

సొంతానికా, సంఘానికా?

పై శీర్షిక ఇంట్లో వాడుకునే వస్తువుకు వర్తిస్తుంది. సంఘం పేరున వచ్చే యంత్రానికి వర్తించదు. అంతేకాదు, దిగుమతి చేసుకునే వ్యక్తికి గాని సంస్థకు గాని ఐ.ఇ.సి. అనే దిగుమతి, ఎగుమతి కోడు సంఖ్య ఉండాలి. సొంత వాడకానికైతే దీని నుంచి మినహాయింపు ఉన్నది. అయితే ఆ మినహాయింపు మాటలను జాగ్రత్తగా చదవాలి. వ్యాపారంతో గాని, తయారీతో గాని, వ్యవసాయంతో గాని సంబంధం లేని సొంత వాడకానికి అని అందులో ఉన్నది. వ్యవసాయం అనే మాట అక్కడ ఎందుకు పెట్టారో గాని, పెట్టారు. ఇరవై గేదెలున్న రైతు పాలు పితికే యంత్రానికి లైనర్లు తెప్పించుకుని "నా సొంతానికండీ" అంటే అది నిలవదని నా అభిప్రాయం. కోడు తీసుకోవడం కష్టమేమీ కాదు. విదేశీ వాణిజ్య డైరెక్టరేటుకు ఆన్‌లైనులో దరఖాస్తు పెట్టాలి. సంఘానికి పాన్ ఉంటే ఆ పాన్ సంఖ్యే కోడు అవుతుంది.

సంఘాలకు ఇంకొక నష్టం ఉన్నది. ఐ.జి.ఎస్.టి. కట్టిన వ్యాపారి దాన్ని తరువాత తాను కట్టవలసిన పన్నులో మినహాయించుకుంటాడు. పై లెక్కలోని 4,525 రూపాయలు అతనికి తిరిగి వచ్చినట్టే. మన గ్రామ సంఘం అమ్మేది పచ్చి పాలు. దాని మీద జి.ఎస్.టి. లేదు. పన్ను లేని సరుకు అమ్మేవారికి ముందు కట్టిన పన్ను మినహాయింపు రాదు. కనుక ఆ 4,525 సంఘం ఖర్చుగానే మిగిలిపోతుంది. "ఫలానా కంపెనీవారికి తిరిగి వచ్చిందట, మనకెందుకు రాదు" అని అడిగే సభ్యులకు జవాబు ఇది. పాల మీద పన్ను లేకపోవడం మనకు మేలే గనుక దీని గురించి పెద్దగా బాధపడవలసిన పని లేదు.

ఈ సందర్భంలో పాలపొడి సంగతి కూడా చెప్పాలి. సుంకం అంతా ఖజానా కోసమేనని కొందరి అభిప్రాయం. 1970లో క్షీర విప్లవం మొదటి దశ మొదలైనప్పుడు ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా విదేశీ పాలపొడి, వెన్నె నూనె మనకు దానంగా వచ్చాయి. వాటిని పాలుగా కలిపి నగరాలలో అమ్మి, వచ్చిన సొమ్మును డెయిరీల నిర్మాణానికి పెట్టారు. దానంగా వచ్చింది గనుక, అమ్మకం ఒక చేతి కింద జరిగింది గనుక మన పాలకు దెబ్బ తగలలేదు. అదే పొడి అడ్డూ అదుపూ లేకుండా వర్తకుల చేతుల్లోకి వస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పాలపొడి మీద సుంకం వేయబోమని మన దేశం ఒకప్పుడు అంతర్జాతీయ ఒప్పందంలో మాట ఇచ్చి ఉండడంతో 1990ల చివర ఆ భయం నిజమయ్యేలా కనిపించింది. దానిపై మళ్ళీ సంప్రదింపులు జరిపి, 2000లో ఏడాదికి మొదటి 10,000 టన్నులకు 15 శాతం, ఆపైన 60 శాతం సుంకం విధించారు. సెన్సారు మీద ఏడున్నర శాతానికి విసుక్కునే సభ్యుడు, పాలపొడి మీద అరవై శాతం ఉన్నందువల్ల తన పక్షం బిల్లు నిలబడుతున్నదని కూడా గుర్తుంచుకోవాలి.

కానుకలు, పార్శిళ్ళు

మన సంఘాలలో పిల్లలు విదేశాలలో ఉన్న ఇళ్ళు ఇప్పుడు తక్కువేమీ కాదు. "మా వాడు కానుకగా పంపాడు, కానుకకు సుంకం ఉండదు గదా" అనే మాట ఇంకా వినబడుతున్నది. ఒకప్పుడు కొంత విలువ వరకు అది నిజమే. 2019 డిసెంబరు 12 నుంచి ఆ సదుపాయం పోయింది. ఆ సదుపాయం మాటున అమ్మకపు సరుకంతా కానుకల పేరుతో లోపలికి వచ్చేది, అందుకే తీసివేశారు. ప్రాణరక్షణ మందులకు, రాఖీలకు మాత్రమే మినహాయింపు మిగిల్చారు. పూర్తి సుంకం కట్టి కానుకను తీసుకోవచ్చు, అభ్యంతరం లేదు.

పార్శిలు తపాలాలో వస్తే చెన్నై వంటిచోట్ల ఉన్న విదేశీ తపాలా కార్యాలయంలో కస్టమ్స్ అధికారులు చూసి సుంకం నిర్ణయిస్తారు. ఆ మొత్తం పార్శిలు మీదే రాసి వస్తుంది. పోస్టుమాను దాన్ని వసూలు చేసుకుని, రశీదు ఇచ్చి, పార్శిలు ఇస్తాడు. కొరియరులో వస్తే కొరియరువారే కట్టి మన దగ్గర వసూలు చేస్తారు. వారు ఆధార్ వంటి గుర్తింపు కాగితం అడగడం మామూలే. బిల్లు ఇచ్చేటప్పుడు సుంకం ఎంత, తమ కూలి ఎంత అని విడివిడిగా చూపమని అడగండి. సుంకం అని రాసిన మొత్తానికి బిల్ ఆఫ్ ఎంట్రీ నకలు ఉండి తీరాలి. కొన్ని అమ్మకపు సంస్థలు సుంకం కూడా ముందే కట్టించుకుని ఇంటికి చేరుస్తాయి. అటువంటి చోట ఆర్డరు కాగితంలో ఆ సంగతి ఉన్నదో లేదో చూసుకుంటే, మళ్ళీ గుమ్మం ముందు ఎవరైనా చేయి చాచినప్పుడు చూపించవచ్చు.

ధర తక్కువ వేసి రాయమని అమ్మకందారుకు చెప్పడం కొందరికి తెలివిగా తోస్తుంది. కొందరు అమ్మకందారులు అడగకుండానే అలా రాస్తారు. పొరపాటున కూడా ఒప్పుకోవద్దు. అధికారికి అనుమానం వస్తే రాసిన విలువను తోసిపుచ్చి, తానే విలువ కట్టవచ్చు. సరుకు స్వాధీనం చేసుకోవచ్చు, జరిమానా వేయవచ్చు. చిక్కంతా సరుకు ఎవరి పేరున వచ్చిందో వారి మెడకే చుట్టుకుంటుంది గాని సముద్రం అవతల ఉన్న అమ్మకందారుకు కాదు.

మనం పంపే పార్శిళ్ళ సంగతి కూడా మారింది. ఆవకాయ, గోంగూర, కారప్పొడి డబ్బాలు అమెరికాకు పంపే తల్లులకు ఇది అనుభవమే. ఆ దేశంలో 800 డాలర్ల లోపు సరుకుకు సుంకం లేకుండా వదిలే పద్ధతి ఉండేది. 2025 ఆగస్టు 29 నుంచి దాన్ని ఎత్తివేశారు. ఆ మార్పుతో మన తపాలా శాఖ కొన్ని వారాలు అమెరికా పార్శిళ్ళు తీసుకోవడం నిలిపి, అక్టోబరులో తిరిగి మొదలుపెట్టింది. అక్కడి రేట్లు ఆ తరువాత కూడా మారుతూ వచ్చాయి. పంపేరోజున తపాలా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడమే మార్గం. నెయ్యి, కోవా వంటి పాల పదార్థాలకు సుంకంతోపాటు ఆహార నిబంధనలు అడ్డు వస్తాయి, వాటిని డబ్బాల మధ్య దాచి పంపవద్దు.

సుంకం కట్టినా రానివి

కొన్ని సరుకులకు సుంకం కడతానన్నా దారి లేదు. విదేశీ ఆబోతుల వీర్యం స్ట్రాలు, పిండాలు తెప్పించుకోవచ్చునా అని యువ రైతులు అడుగుతున్నారు. ఉత్సాహం మంచిదే. అయితే పశువులకు, పశు సంబంధమైన పదార్థాలకు 1898 నాటి పశువుల దిగుమతి చట్టం ఉన్నది. కేంద్ర పశుసంవర్ధక శాఖ అనుమతి ముందుగా ఉండాలి. వ్యాధుల పరీక్ష కాగితాలుండాలి. సరుకు చెన్నై, ముంబై వంటి క్వారంటైను కేంద్రాలున్న రేవుల ద్వారానే రావాలి. ఒక రైతు ఫోనులో ఆర్డరు పెట్టి తెప్పించుకునేది కాదు అది. పశుగ్రాసం విత్తనాలదీ అదే దారి. 2003 నాటి మొక్కల క్వారంటైను ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిటు, ఆ దేశపు అధికారులిచ్చిన మొక్కల ఆరోగ్య పత్రం కావాలి. కవరులో పెట్టి పంపిన గుప్పెడు గడ్డి విత్తనాలు కస్టమ్స్ దగ్గర ఆగిపోతే తిట్టుకోకండి. మన పొలాలలో వయ్యారిభామ ఎలా పాకిపోయిందో చూసినవారికి ఆ జాగ్రత్త అర్థమవుతుంది. అది విదేశీ గోధుమలతో కలిసి వచ్చిందని చెబుతారు.

హామీలో ఉన్న యంత్రం పాడైతే కంపెనీవారు కొత్త భాగాన్ని "ఉచితంగా" పంపుతారు. ఉచితం అన్నది మీకూ కంపెనీకీ మధ్య మాట. కస్టమ్స్‌కు ఆ భాగం విలువ విలువే, సుంకం పడుతుంది. దీనికి చాలామంది నొచ్చుకుంటారు. పాడైన దాన్నే విదేశానికి పంపి బాగుచేయించి తిరిగి తెప్పించుకుంటే మాత్రం ఒక వెసులుబాటు ఉన్నది. యంత్రం మొత్తం విలువ మీద కాక మరమ్మతు ఖర్చు, రానుపోను రవాణా, బీమా మీద మాత్రమే సుంకం వేస్తారు. కాని వెళ్ళింది, వచ్చింది ఒకే యంత్రమని రుజువు కావాలి. పంపేటప్పుడే యంత్రం మీది సంఖ్య ఎగుమతి కాగితంలో ఎక్కించాలి. ఆ పని అప్పుడు చేయకపోతే తరువాత ఎంత బతిమాలినా లాభం లేదు.

ఫోను చేసే కస్టమ్స్ అధికారి

ఇప్పుడు మోసం సంగతి. మా డివిజనులో రెండు గేదెలతో సంసారం ఈడ్చుకొస్తున్న ఒక సభ్యురాలికి ఫోను వచ్చింది. లండనులో ఉన్న ఎవరో దాత ఆమె పిల్లల చదువుకు బంగారం, పౌండ్లు పెట్టి పార్శిలు పంపాడనీ, అది విమానాశ్రయంలో ఆగిందనీ, సుంకం 18,500 వెంటనే కడితే విడుదల చేస్తామనీ చెప్పారు. మాట్లాడినవాడు కస్టమ్స్ అధికారినన్నాడు, బొమ్మతో గుర్తింపు కార్డు ఫోనుకు పంపాడు. ఆమె కట్టింది. మర్నాడు జరిమానా అన్నారు, ఆపైన ధ్రువపత్రం రుసుము అన్నారు. మూడోసారి సంఘంలో అప్పు అడగడానికి వచ్చినప్పుడు గాని కార్యదర్శికి సంగతి తెలియలేదు. అప్పటికి పాల బిల్లు డబ్బు, డ్వాక్రా సంఘంలో తెచ్చిన డబ్బు పోయాయి. మొగుడికి చెప్పలేక ఆమె నాలుగు రోజులు పాలు పోయడానికి కూడా కేంద్రానికి రాలేదు.

ఈ మోసానికి చదువు లేనివారే చిక్కుతారనుకుంటే అది భ్రమ. పట్నాలలో పెద్ద ఉద్యోగులు కూడా చిక్కుతున్నారు. ఇంకొక రకం ఫోను ఇంతకన్న చెడ్డది. "మీ పేరున వచ్చిన పార్శిలులో మత్తుమందులు దొరికాయి, పోలీసులకు కలుపుతున్నాము" అని బెదిరించి, వీడియోలో కూర్చోబెట్టి, బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చేస్తారు. దానికి డిజిటల్ అరెస్టు అని పేరు పెట్టారు. మన చట్టంలో అటువంటి అరెస్టు లేదు.

పైన చెప్పిన లెక్క తెలిసినవారికి ఈ ఫోను అబద్ధమని వెంటనే తెలుస్తుంది. సుంకానికి ఆధారం విలువ. విలువకు ఇన్వాయిసు ఉండాలి. ఇన్వాయిసు లేకుండా 18,500 అనే గుండు అంకె ఎలా వచ్చింది? మూల సుంకం ఎంత, ఐ.జి.ఎస్.టి. ఎంత, బిల్ ఆఫ్ ఎంట్రీ సంఖ్య ఎంత అని అడగండి, అవతలివాడు గొంతు పెంచుతాడు. కస్టమ్స్ సుంకం ఎవరి సొంత ఖాతాలోనూ, ఫోన్‌పే నంబరులోనూ పడదు. కస్టమ్స్ శాఖ పంపే ప్రతి ఉత్తరం మీద 2019 నవంబరు 8 నుంచి ఒక గుర్తింపు సంఖ్య ఉంటున్నది, దాన్ని డిన్ అంటారు. కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు వెబ్‌సైటులో ఆ సంఖ్య కొట్టి అది నిజమో కాదో ఎవరైనా చూసుకోవచ్చు. సంఘం కంప్యూటరులో కార్యదర్శి గాని, టెస్టరు గాని సభ్యులకు ఈ పని చేసిపెట్టాలి. అయిదు నిమిషాల పని.

డబ్బు కట్టిన తరువాత అనుమానం వస్తే 1930కు వెంటనే ఫోను చేయాలి. మొదటి గంటలలో చెబితే సొమ్ము దొంగ ఖాతా దాటకముందే ఆపే అవకాశం ఉన్నది. సిగ్గుపడి రెండు రోజులు దాచిపెట్టడంలోనే సగం నష్టం జరుగుతున్నది. తీసివేతల చీటీలో అయిదు రూపాయల తేడా వస్తే సంఘానికి వచ్చి గట్టిగా అడిగే మన ఆడవాళ్ళు, ఈ విషయంలో మాత్రం నోరు మూసుకోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. అడిగితే ఎవరూ ఏమీ అనరు. అనే కార్యదర్శి ఉంటే మా దృష్టికి తేవచ్చు.

సంఘం పుస్తకాలలో

సంఘం పేరున విదేశీ సరుకు తెప్పించదలిస్తే ముందుగా పాలకవర్గంలో తీర్మానం కావాలి. ఆ తీర్మానంలో విదేశీ ధర ఒక్కటి రాసి ఊరుకోకుండా, పైన చూపిన మెట్లన్నీ వేసి ఇంటికి చేరేసరికి అయ్యే అంచనా రాయాలి. పక్కనే స్థానిక కొటేషన్లు ఉండాలి. రెండు మూడు సంఘాలకు అదే వస్తువు కావలసి వస్తే యూనియను ద్వారా ఒక్కసారిగా తెప్పించడం మంచిది. యూనియనుకు దిగుమతి కోడు ఉంటే సంఘాలు విడివిడిగా తీసుకోనక్కరలేదు, రవాణా ఖర్చు పంచుకోవచ్చు, కొరియరు కూలి ఒక్కసారే పడుతుంది. సెక్రటరీ గారి అబ్బాయి క్రెడిట్ కార్డు మీద కొని తరువాత ఓచరు పెట్టడం నేను రెండు మూడుచోట్ల చూశాను. సరుకు ఆ అబ్బాయి పేరున వస్తుంది, బిల్ ఆఫ్ ఎంట్రీ ఆ అబ్బాయి పేరున ఉంటుంది, సంఘానికి ఆ యంత్రం మీద కాగితపు హక్కు ఏమీ ఉండదు. ఇటువంటి ఓచర్లకు ఆడిట్‌లో అభ్యంతరం తప్పదు.

ఫైలులో ఉండవలసినవి అమ్మకందారు ఇన్వాయిసు, బ్యాంకు డెబిట్ చీటీ, బిల్ ఆఫ్ ఎంట్రీ నకలు, సుంకం చెల్లించిన రశీదు, కొరియరు బిల్లు. సుంకాన్ని, తిరిగిరాని ఐ.జి.ఎస్.టి.ని, రవాణాను ఇతర ఖర్చుల పద్దులో పడేయడం చాలా సంఘాలలో అలవాటుగా ఉన్నది. అది సరి కాదు. కొత్త యంత్రమైతే ఇవన్నీ యంత్రం వెలలో భాగమే గనుక ఆస్తి పద్దులోకి ఎక్కాలి, తరుగుదల కూడా ఆ మొత్తం మీదే కట్టాలి. పాత అనలైజరులో మార్చిన సెన్సారు వంటి విడి భాగమైతే సుంకంతో సహా మరమ్మతుల పద్దులో వేయవచ్చు.